లైవ్ 12 స్కేలు మెనూ: ‘సా’ మాత్రం మనమే వెతుక్కోవాలి

ఇంట్లో కంప్యూటరు మీద పాటలు కట్టుకునేవారిలో చాలామందికి కీ (పాటకు ఆధారమైన స్వరం), స్కేలు (పాటలో వాడే స్వరాల సమూహం) అన్న మాటల దగ్గరే పని ఆగిపోతుంది. 2024 మార్చిలో విడుదలైన సంగీత సాఫ్ట్‌వేరు ఏబుల్టన్ లైవ్ 12 ఈ ఇబ్బందిని తగ్గించడానికి స్కేలు ఎంపికను తెర పైభాగంలోని పట్టీలోకే తెచ్చింది. అక్కడ మూలస్వరాన్ని, స్కేలు పేరును ఎంచుకుంటే ఆ స్కేలుకు చెందిన వరుసలు పియానో రోల్‌లో, అంటే ఒక్కో స్వరానికి ఒక్కో అడ్డ వరుస ఉండే తెరలో, రంగు తేడాతో కనిపిస్తాయి. ‘ఫోల్డ్ టు స్కేల్’ నొక్కితే మిగిలినవి మడుచుకుపోయి, మేజర్ స్కేలైతే స్థాయికి పన్నెండు వరుసలకు బదులు ఏడే మిగులుతాయి. ఆర్పెజియేటర్ (స్వరాలను ఒకదాని తరువాత ఒకటి మోగించేది), కార్డ్ (ఒక స్వరానికి తోడు స్వరాలను చేర్చేది) వంటి పరికరాలను కూడా అదే స్కేలును అనుసరించేలా పెట్టుకోవచ్చు.

ఆ జాబితాను కిందికి జరుపుతూ వెళితే మేజర్, మైనర్, డోరియన్‌ల తరువాత ఒకచోట ‘భైరవ్’ అన్న పేరు కనిపిస్తుంది. హిందుస్తానీ పేరుతో ఉన్నా, స్వరాలను బట్టి చూస్తే అది మనం సరళీ వరుసలు నేర్చుకునే మాయామాళవగౌళే. మూలస్వరంగా సి (పాశ్చాత్య పద్ధతిలో స్వరాల పేర్లు సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి) పెట్టి మడిచి చూడండి: సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఏ ఫ్లాట్, బి. శుద్ధ రిషభానికీ అంతర గాంధారానికీ నడుమ ఉన్న మూడు అరస్వరాల (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండేది ఒక అరస్వరం) దూరం, చిన్నప్పుడు గొంతుతో మాత్రమే తెలిసినది, ఇక్కడ కంటికి తెలుస్తుంది. కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చినవారికి మేజర్ అంటే శంకరాభరణం, డోరియన్ అంటే ఖరహరప్రియ, హార్మోనిక్ మైనర్ అంటే కీరవాణి అని గుర్తు పెట్టుకుంటే సగం మెనూ పరిచయస్థుల జాబితాలా ఉంటుంది.

అయితే ఈ మెనూకు తెలిసినది స్వరాల పట్టిక మాత్రమే, వాటి నడక కాదు. బిలహరి ఆరోహణలో మధ్యమ నిషాదాలు ఉండవు, అవరోహణలో ఏడు స్వరాలూ ఉంటాయి. లైవ్‌కు మాత్రం అది శంకరాభరణమే. గమకాల సంగతి సరేసరి, వాటిని స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్‌తో మనమే గీసుకోవాలి. ఇది లోపమని నేను అనను, ఏ పియానో రోల్‌కైనా ఉండే హద్దు ఇది.

అసలు చిక్కు మరొకటి ఉంది. నేను సి మేజర్ పెట్టుకుని, మిగిలిన ఏడు వరుసల్లోనే ఒక బాణీ కట్టి, దానికి బేసు (కింది స్థాయిలో మోగే వాద్యం) చేర్చి, అపస్వరం ఒక్కటీ లేదన్న ధీమాతో కర్ణాటక గాత్రం నేర్చుకున్న మా అక్కకు వినిపించాను. ఆమె కాసేపు విని షడ్జమం పట్టింది, సి మీద కాదు, ‘ఏ’ స్వరం మీద. “నీ పాటకు సా ఇక్కడుందిరా, ఇది నటభైరవి” అంది. నటభైరవి అంటే మైనర్ స్కేలే. సి మేజర్‌కూ ‘ఏ’ మైనర్‌కూ స్వరాలు అవే ఏడు కనుక మడిచిన తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. పాట ఎక్కడ వచ్చి వాలుతుందన్నదే కీని నిర్ణయిస్తుంది. నా బేసు ప్రతి నాలుగు బార్లకూ (తాళం ఆవర్తనాలకూ) ‘ఏ’ స్వరం మీదే వాలుతోంది, నేను గమనించలేదు. అప్పటినుంచి మెనూ తెరవకముందే మొదటి ట్రాకులో ఒక్క స్వరాన్ని తంబురాలా మోగనిచ్చి, దాని మీద పాడి చూసుకుంటున్నాను.

కొనే ముందు 30 రోజుల ఉచిత ట్రయల్‌లో ఇదంతా పరీక్షించుకోవచ్చు. ఆ పరీక్షలో శ్రుతి మార్చడం కూడా చేసి చూడండి. ఆరో శ్రుతిలో, అంటే ‘ఏ’ స్వరం మీద కట్టిన పాటను గాయని ఐదున్నర శ్రుతికి దించమంటే, మెనూలో మూలస్వరం మార్చినంత మాత్రాన రాసిన స్వరాలు కదలవు; వరుసల రంగులే మారతాయి. స్వరాలన్నిటినీ ఎంచుకుని ఒక అరస్వరం కిందికి దించాలి. డ్రమ్స్ క్లిప్పును (డ్రమ్స్ రాసిన ముక్కను) మాత్రం ముట్టుకోకూడదు, ఎందుకంటే అందులో ఒక్కో వరుస ఒక్కో వాయిద్యం. దాన్నీ దించితే స్నేర్ అనే డ్రమ్ మోగవలసిన చోట ఇంకేదో మోగుతుంది.