మా మేడ మీద గదిలో కే40 లేజర్ కట్టర్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు, షాపులకు నేమ్ బోర్డులు చేసి ఇస్తుంటాను. కటింగ్ పనంతా హైదరాబాద్‌కు పంపేదాన్ని. అది తిరిగొచ్చేదాకా కస్టమర్లకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. అందుకే సంక్రాంతి వెళ్లాక అక్రిలిక్, చెక్క షీట్లను లేజర్ కాంతితో కోసే కే40 రకం మెషిన్‌ను చైనా నుంచి తెప్పించుకున్నాను. లేజర్ పుట్టేది 40 వాట్ల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గాజు ట్యూబులో, కోయడానికి 300 బై 200 మి.మీ. జాగా. ధర చూసి సంబరపడ్డాను కానీ రవాణా, కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్టీ కలిసి హనుమకొండలో మా ఇంటికి చేరేసరికి దాని మీద ఇంకో సగం పడింది. ఆ లెక్క ముందే వేసుకోండి.

పెట్టె విప్పగానే ప్లగ్ మాత్రం పెట్టొద్దు. ట్యూబు వెలగడానికి దాదాపు 20 వేల వోల్టులు కావాలి. అది మెషిన్ బాడీకి పాకితే ప్రాణానికే ముప్పు. వెనక ఎర్తింగ్ బోల్టు ఒకటి ఇచ్చారు. మా వీధి ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి, "అక్కా, మీ ఇంట్ల మూడో పిన్నుకు వైరే లేదు" అన్నాడు. ఇన్నేళ్లుగా ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అలాగే వాడుతున్నాం! ఇంటి వెనక గుంత తీయించి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేయించి, మేడ దాకా విడిగా ఎర్తు వైరు లాగించాను. ఆ ఖర్చుకు నాకు ఒక్క రూపాయి బాధ లేదు. మూత తెరిస్తే లేజర్ ఆగిపోయే స్విచ్ కూడా నా మెషిన్‌కు లేదు. అదీ ఆయనతోనే పెట్టించాను.

తర్వాత నీళ్లు. ట్యూబు చుట్టూ నీళ్లు తిరుగుతూ ఉండాలి, లేకపోతే వేడికి పగులుతుంది. మా బోరు నీళ్లు పోస్తే లోపల తెల్లగా పేరుకుంటుందని, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ 20 లీటర్లు తెచ్చి బకెట్‌లో పోశాను. పంపు వేశాక ట్యూబు లోపల గాలి బుడగ ఒకటి కదలకుండా నిలిచింది. మెషిన్‌కు ఒక పక్క ఇటుక పెట్టి ఎత్తితే అది మెల్లగా జారి పైపులోకి వెళ్లిపోయింది. మే నెలలో ఆ గది ఎలా ఉంటుందో ఓరుగల్లు వాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి బకెట్ నీళ్లు 36 డిగ్రీలు చూపించాయి. అప్పటి నుంచి ఎండాకాలం పని పొద్దున 5 నుంచి 9 వరకే. బకెట్‌లో ఐసు కట్టిన బాటిళ్లు వేసి, 25 దాటకుండా చూసుకుంటాను. వానాకాలంలో మాత్రం ఐసు అతిగా వేయొద్దు. ట్యూబు మీద చెమ్మ పడితే అంత వోల్టేజీ దగ్గర అది ప్రమాదం.

నా ఓపికకు అసలు పరీక్ష అద్దాల దగ్గర. ట్యూబు నుంచి వచ్చే లేజర్‌ను కోసే హెడ్డు దాకా మళ్లించేవి ఇవే. అద్దం ముందు మాస్కింగ్ టేపు అంటించి, మూత వేసి, టెస్ట్ బటన్ ఒక్క క్షణం నొక్కితే ఆవగింజంత గోధుమ మచ్చ పడుతుంది. హెడ్డును దగ్గరకు తెచ్చి ఒకసారి, దూరం జరిపి ఒకసారి నొక్కాలి. రెండు మచ్చలు ఒకదాని మీద ఒకటి పడాలి. నావి రెండు కళ్లలా పక్కపక్కన పడ్డాయి. వెనకున్న స్క్రూలను వెంట్రుకవాసి తిప్పుతూ, నాలుగు మూలలా సరిచూస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. అంతా కుదిరినా 3 మి.మీ. అక్రిలిక్ తెగలేదు, అంచులు మాడిపోయాయి. అమ్మినవాళ్లకు మూడు మెయిళ్లు పెడితే మూడుసార్లూ "అద్దాలు తుడవండి" అనే వచ్చింది. ఆరో రోజు లెన్సు విప్పి చూశాను. ఉబ్బెత్తు వైపు పైకి ఉండాల్సింది, కిందికి బిగించి పంపారు. తిప్పి పెట్టగానే ఒక్క దెబ్బకు తెగింది, అంచు అద్దంలా మెరిసింది. ఆ ముక్క ఇప్పటికీ మేజా మీదే ఉంది.

వాళ్లిచ్చిన ఫ్యాను పొగను లాగలేదు. పెద్ద బ్లోయర్ కొని పైపు బయటికి పెట్టించాను. ఇంకొకటి, డెకరేషన్ వాళ్లు సన్‌బోర్డ్ (తేలికపాటి ఫోమ్ షీటు) తెచ్చి కోసిమ్మంటారు. అది పీవీసీ. కాలితే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులనూ, మెషిన్ ఇనుమునూ తినేస్తుంది. ఎంత డబ్బిస్తానన్నా నేను కోయను.

ట్యూబుకు ఇచ్చే కరెంటు 15 మిల్లీ యాంపులు దాటించను, అది ట్యూబు ఇంకా బాగానే ఉంది. 3 మి.మీ. అని అమ్మే ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన షీటు) కొలిస్తే 2.7 వస్తోంది, పైగా లేజర్ కొంత తినేస్తుంది. అందుకే ఒక ముక్కలో ఇంకో ముక్క దిగే గాడి డిజైన్‌లో 2.5కే పెడుతున్నాను, జిగురు లేకుండానే బిగుతుగా నిలబడుతుంది. బతుకమ్మ లోపు కళాతోరణం మెమెంటోలు 120 ఇవ్వాలి. పైన హంసల మెడలు సన్నవి, మొదట్లో విరిగేవి. స్పీడు పెంచి రెండుసార్లు కోస్తే ఇప్పుడు ముక్కుతో సహా వస్తున్నాయి.