సుగర్రముర్ది మంత్రగత్తెల గుహ, మ్యూజియం: ఏది ముందు చూడాలి, ఏది వదిలేయాలి

ముందే చెప్పేస్తే పని తేలిక. మ్యూజియం చూడకుండా నేరుగా గుహలోకి దిగితే టికెట్ డబ్బులు సగం దండగే. గుహ చూడముచ్చటగా ఉంటుంది గానీ అక్కడ ఏం జరిగిందో, అసలు జరిగిందో లేదో అది చెప్పదు. ఆ సంగతి మ్యూజియం చెబుతుంది. చాలామంది ఫోటోల తొందరలో ముందు గుహకు పరుగెత్తి, అలిసిపోయి, మ్యూజియం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు. రెండూ ఒకే దారిలో ఉన్నాయి. ఊరి నుంచి గుహకు వెళ్తుంటే మ్యూజియమే ముందు తగులుతుంది, కాబట్టి ఆ క్రమం పాటించడం కష్టమేమీ కాదు.

సుగర్రముర్ది స్పెయిన్‌లోని నవార్రా ప్రాంతంలో, ఫ్రాన్స్ సరిహద్దుకు ఆనుకుని, బాస్క్ భాష మాట్లాడే చిన్న పల్లె. పాంప్లోనా నుంచి సుమారు 80 కిలోమీటర్లు. దారిలో ఒత్సొందో కనుమ దాటాలి. మలుపులు ఎక్కువ, పొగమంచు పట్టిన రోజు ఇంకా నెమ్మదిగా సాగుతుంది. బస్సును నమ్ముకుని వెళ్లే ఊరు కాదు, కారు ఉండాల్సిందే.

ఈ ఊరిని ప్రపంచానికి తెలిపింది 'అకెలార్రె' అన్న ఒక్క మాట. బాస్క్‌లో 'అకెర్' అంటే మేకపోతు, 'లార్రె' అంటే పచ్చిక బయలు. మేకపోతు రూపంలో వచ్చిన సైతాను చుట్టూ మంత్రగత్తెలు రాత్రిపూట చేరే సభకు ఇది పేరైపోయింది. స్పానిష్‌లోకి కూడా అలాగే దిగుమతి అయింది. ఈ అర్థాన్ని అందరూ ఒప్పుకోరు. 'అల్కా' అనే గడ్డి పేరు మీద 'అల్కెలార్రె' అని పిలిచే మామూలు మేత బీడును విచారణాధికారులు మేకపోతు బీడుగా మార్చేశారన్నది బాస్క్ పరిశోధకుడు మికెల్ అసుర్మెందీ వాదన. ఏ అర్థం తీసుకున్నా మాటలో ఉన్నది బయలే తప్ప గుహ కాదు. మంత్రగత్తెలన్న నేరం మోపి 1610లో ఈ ఊరివాళ్లపై జరిపిన విచారణలో నిందితులు చెప్పిన చోటు కూడా గుహ పక్కనున్న బెర్రొస్కొబెర్రొ అనే పచ్చిక. టికెట్ పెట్టి చూపించేది గుహను కాబట్టి జనం గుహనే గుర్తుపెట్టుకుంటారు. ఆ చుట్టుపక్కల పచ్చిక వైపు కూడా ఒకసారి తలతిప్పి చూడండి, దానికి టికెట్ అక్కర్లేదు.

ఇక మ్యూజియం. ఊరి పాత ఆసుపత్రి భవనంలో 2007లో తెరిచారు. చీపురుకట్టలు, ముక్కు వంకర ముసలమ్మలు, చీకటి గదుల్లో కేకలు లాంటివి ఆశించి వెళ్తే నిరాశ తప్పదు. ఇక్కడున్నది ఒక కేసు ఫైలు. 1608 చివర్లో మరియా దె హిమిల్దెగి అనే అమ్మాయి ఫ్రాన్స్ వైపు నుంచి తిరిగొచ్చి, నేను అకెలార్రెకు వెళ్లేదాన్ని, ఫలానావాళ్లను అక్కడ చూశాను అని పేర్లు చెప్పింది. మొదట ఊరివాళ్లు చర్చిలో క్షమాపణలు చెప్పుకుని తగువు తీర్చేసుకున్నారు. అక్కడితో ముగియాల్సింది. కానీ కబురు లోగ్రోన్యో పట్నంలోని ఇంక్విజిషన్ కోర్టుకు, అంటే క్యాథలిక్ మత నేరాలను విచారించే కోర్టుకు చేరింది. నిందితుల్లో చాలామందికి వచ్చింది బాస్క్ ఒక్కటే, విచారణాధికారులకు అది రాదు. వాంగ్మూలం చాలావరకు దుబాసీల నోటి మీదుగా నడిచింది.

1610 నవంబర్ 7, 8 తేదీల్లో లోగ్రోన్యోలో బహిరంగ శిక్షలు. ఆరుగురిని సజీవంగా కాల్చారు. జైల్లోనే చనిపోయిన మరో ఐదుగురి బొమ్మలను కాల్చారు. పేర్లు చదివేటప్పుడు ఒక లెక్క గమనించండి: బతికుండి మంటల్లోకి వెళ్లిన ఆరుగురూ 'మేం మంత్రగత్తెలం కాము' అన్నవాళ్లే. 'అవును, వెళ్లాం, మేకపోతుకు మొక్కాం' అని ఒప్పుకున్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణాలతో బయటపడ్డారు. ఒప్పుకుంటే బతుకు, కాదంటే మంట అన్న కోర్టులో అకెలార్రె గురించి అంత రంగురంగుల వర్ణన పుట్టిందంటే ఆశ్చర్యపడక్కర్లేదు. ఆ వర్ణనలే మరుసటి ఏడాది అచ్చయి ఊరూరా తిరిగాయి. మనకు తెలిసిన అకెలార్రె బొమ్మ చాలావరకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ కోర్టులోని ముగ్గురు విచారణాధికారుల్లో ఒకరు అలోన్సొ దె సలసార్ ఫ్రియాస్. మ్యూజియంలో తొందరగా దాటేయకూడని మనిషి ఈయనే. 1611లో, ఒప్పుకున్నవాళ్లను క్షమిస్తామనే శాసనం పట్టుకుని కొండ ఊళ్లన్నీ తిరిగి 1802 మంది మాటలు రాయించాడు. అందులో 1384 మంది పిల్లలు. ఒకే సభకు వెళ్లామన్నవాళ్లను విడివిడిగా ఆ చోటికి తీసుకెళ్లి చూపించమన్నాడు, జవాబులు కలవలేదు. గాల్లో ఎగరడానికి ఒంటికి రాసుకునే లేపనాలంటూ ఇచ్చిన 20కి పైగా కుండలను తెప్పించి, వైద్యులకు చూపించి, జంతువుల మీద పరీక్షించాడు. ఏమీ కాలేదు. అధికారుల వేధింపు పడలేక ఏవో కలిపి ఇచ్చామని జనం ఒప్పుకున్నారు. ఈ విషయం గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా ఇక్కడ మంత్రగత్తెలూ లేరు, వాళ్ల బారిన పడ్డవాళ్లూ లేరు అని తేల్చాడు. ఆ నివేదికల ఆధారంగా 1614లో ఇంక్విజిషన్ పెద్దలు కొత్త నియమాలు పెట్టారు. ఆపైన స్పెయిన్ ఇంక్విజిషన్ మంత్రగత్తెల కేసుల్లో మంట జోలికి పోవడం దాదాపు మానేసింది. యూరప్‌లో మిగతా చోట్ల ఇంకా దశాబ్దాలపాటు కాలుస్తూనే ఉన్నారు.

అందుకే మ్యూజియంలో మూలికల భాగం చూసేటప్పుడు కొంచెం జాగ్రత్త. ఉమ్మెత్త జాతి మొక్కల లేపనం రాసుకుని మత్తులో ఎగిరినట్టు అనుకునేవాళ్లన్న వివరణ సందర్శకులకు బాగా నచ్చుతుంది. వినడానికి శాస్త్రీయంగానూ ఉంటుంది. సలసార్ కుండల సంగతి తెలిశాక అది ఈ కేసుకు అతకదు. మూలికలు వాడే ఆడవాళ్లు ఉండేవారన్నది వేరు, వాళ్లు సభలు పెట్టారన్నది వేరు.

వెళ్లగానే టికెట్ దగ్గర ఏ భాషలో సమాచారం దొరుకుతుందో అడగండి. బోర్డుల మీద చదవాల్సింది చాలా ఉంది, అనువాదం యాప్ ముందే ఫోన్‌లో పెట్టుకుంటే మంచిది. గంటకు తక్కువ కాకుండా కేటాయించండి. గుహ టికెట్, మ్యూజియం టికెట్ వేర్వేరు. చలికాలంలో వేళలు తగ్గిపోతాయి, కాబట్టి బయల్దేరే ముందు అధికారిక సైట్‌లో చూసుకోవాలి.

గుహ ఊరి నుంచి అర కిలోమీటరు కూడా ఉండదు. దీన్ని సొర్గిన్ లెసెయా, అంటే మంత్రగత్తెల గుహ అంటారు. నిజానికి ఇది రెండు చివర్లా తెరుచుకున్న సహజ సొరంగం. ఇన్ఫెర్నుకొ ఎర్రెకా, అంటే నరకపు వాగు, సున్నపురాయిని కోసుకుంటూ చేసిన పని. పొడవు సుమారు 120 మీటర్లు, ఎత్తు పది మీటర్ల పైనే. వాగు ఇప్పటికీ లోపలి నుంచే పారుతుంది. పైకప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభాలు, రంగు దీపాలు ఉంటాయనుకుని వచ్చినవాళ్లు 'ఇంతేనా' అంటారు. అలాంటివి కావాలంటే పక్కనే ఉన్న ఉర్దాక్స్ గుహకు వెళ్లాలి. ఇక్కడ చూడాల్సింది ఆ రాతి కమాను, కింద నీటి చప్పుడు, పై అంచు నుంచి లోపలికి కనిపించే దృశ్యం. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు గుహ నోటి దగ్గర వెలుగు, లోపల చీకటి మధ్య తేడా మరీ ఎక్కువై ఫోన్ ఫోటోలు పాడవుతాయి. మబ్బు రోజే నయం.

మెట్లు, దిగుడు దారులు ఉన్నాయి. రాయి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నున్నటి అడుగున్న చెప్పులతో దిగితే జారడం ఖాయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, చక్రాల బండిలో పసిపిల్లలకు ఇది అనువైన చోటు కాదు.

ఆగస్టు 18న సంగతే వేరు. ఊరి పండుగ ఆఖరి రోజు 'సికిరొ జాతె' జరుగుతుంది. కర్రలకు గుచ్చిన గొర్రె మాంసాన్ని నిప్పు చుట్టూ నిలబెట్టి కాల్చి, గుహలోనే బల్లలు వేసి వందలమంది తింటారు. తినడానికి వెళ్తే సరే, దానికి ముందే చోటు చూసుకోవాలి. గుహను తీరిగ్గా చూద్దామనుకునేవాళ్లు ఆ రోజు వదిలేయండి.

అంగడి సరుకు మీద ఒక మాట. ఊళ్లో ఎటు చూసినా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మలే. మంటల్లో పోయినవాళ్ల ఊరిలో ఇది కొంత ఎబ్బెట్టే, అయినా మ్యూజియం చూసి వచ్చాక ఆ బొమ్మ కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. అకెలార్రె అన్న మాట కూడా దేశమంతా ఇలాగే తేలికైపోయింది. కాటలోనియాలోని సెర్వెరా పట్నంలో 1978 నుంచి అకెలార్రె పేరుతో ఆగస్టు చివర బాణాసంచా జాతర చేస్తున్నారు. సాన్ సెబాస్టియన్‌లో ఇగెల్దో కొండ మీద మూడు మిషెలిన్ నక్షత్రాల రెస్టారెంట్ పేరూ ఇదే. పత్రికలవాళ్లు గిట్టని పార్టీ సమావేశాన్ని కూడా అకెలార్రె అని వెక్కిరిస్తారు. మేకపోతును మాత్రం చూడాలనుకుంటే మాద్రిద్ వెళ్లాలి. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1797-98లో వేసిన చిన్న బొమ్మ లాసరొ గల్దియానొ మ్యూజియంలో, ముసలితనంలో తన ఇంటి గోడ మీద వేసిన నల్లటి పెద్ద బొమ్మ ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. రెండింటికీ పేరు ఒకటే. రెండోది నాలుగు మీటర్లకు పైగా వెడల్పు, దూరం నుంచి చూడాలి.

సుగర్రముర్దిలో పూట మిగిలితే కాలిబాట పట్టండి. నీలం రంగు పొట్టి గుర్రం గుర్తులు చూసుకుంటూ నడిస్తే ఇక్కడి గుహ నుంచి ఉర్దాక్స్ గుహకూ, సారె గుహకూ చేరొచ్చు. వాన పడ్డ మర్నాడు బురద ఎక్కువ. సారె ఫ్రాన్స్‌లో ఉంది, కాబట్టి పాస్‌పోర్టును కారులో వదిలేసి నడవద్దు.