వంశధార వెంట కెమెరాతో: విశాఖ నుంచి సాగే ఒక సరిహద్దు ఫొటోగ్రఫీ యాత్రపై సమీక్ష

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు అనగానే విశాఖవాసులకు అరకు దాటి కోరాపుట్ వైపు వెళ్లే ఘాట్ రోడ్డే ముందుగా గుర్తుకు వస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార వెంట ఉన్న సరిహద్దును చూడడానికి ప్రత్యేకంగా బయల్దేరేవారు తక్కువ. ఆ దారిని ఎంచుకుని, ఎనిమిది మందికి మించని చిన్న బృందాలతో ఫొటోగ్రఫీ యాత్ర నడుపుతున్న ఒక విశాఖ నిర్వాహక బృందంతో ఈ చలికాలంలో నేను ప్రయాణించాను. శ్రీకాకుళం, శ్రీముఖలింగం, పర్లాకిమిడి, సీతంపేట కొండలు, బొబ్బిలి మీదుగా తిరిగి విశాఖ చేరుకోవడం యాత్ర క్రమం. ఇది డబ్బుకు తగిన యాత్రేనా అని అడిగితే అవుననే చెబుతాను. అయితే వెలుగును బట్టి, మనుషుల వీలును బట్టి నడిచిన చోట ఈ యాత్ర ఎంత గొప్పగా ఉందో, కిలోమీటర్ల లెక్కను బట్టి నడిచిన చోట అంత వెలితిగా ఉంది. రెండింటినీ వివరంగా చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

ఏర్పాట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. వాహనం శుభ్రంగా ఉంది, కిటికీ సీట్లు అందరికీ వంతులవారీగా దక్కాయి. బసలు సాధారణమైనవే గాని, బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడానికి గదిలో చాలినన్ని ప్లగ్ పాయింట్లు ఉండేలా ముందే చూసుకున్నారు. ఉదయపు టిఫిన్, రాత్రి భోజనం రుసుములోనే కలిసి ఉంటాయి, మధ్యాహ్న భోజనం మాత్రం ఎవరి ఖర్చు వారిదే. రుసుము తక్కువేమీ కాదు, ఒంటరిగా గది కావాలంటే మరికొంత చెల్లించాలి.

తొలి మజిలీ శ్రీకూర్మం. కూర్మనాథస్వామి ఆలయ ప్రాకార మండపం గోడల మీది వర్ణచిత్రాలను చూసి, ఫొటోలకు అనుమతి ఉన్నంత మేరకే కెమెరా తీశాం. అక్కడి నుంచి శాలిహుండం వెళ్లాం. కొండ మీద ఇటుక స్తూపాల, చైత్యాల శిథిలాలు, దిగువన వంశధార, దూరంగా సముద్రపు గీత ఒకే చూపులో కనిపించే చోటు అది. ఈ బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారేనని యాత్రకు నాయకత్వం వహించిన మాస్టారు అక్కడే గుర్తు చేశారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన వ్యక్తిగానే ఎక్కువమందికి తెలిసిన గిడుగువారు మిగతా యాత్ర పొడవునా ఏదో ఒక సందర్భంలో మాటల్లోకి వస్తూనే ఉన్నారు. ఈ నేలను అర్థం చేసుకోవడానికి ఆయన జీవితాన్ని మించిన దారి లేదని నాకు అనిపించింది.

శ్రీముఖలింగంలో గడిపిన సమయం ఒక్కటే ఈ యాత్ర రుసుముకు సరిపోతుంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించిన ఊరు ఇది. 1078లో పట్టాభిషిక్తుడై, తర్వాత పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశపు రాజే. మన సింహాచల ఆలయానికి 13వ శతాబ్దంలో ఇప్పటి రూపం వచ్చింది కూడా ఈ వంశీయుల కాలంలోనే. అందువల్ల భువనేశ్వర్ గుడులను చూసిన కంటికి ఇక్కడి శిఖరాలు కొత్తగా అనిపించవు. తెలుగు పల్లె నడుమ కళింగ శైలి శిఖరం నిలబడి ఉండడంలోనే ఈ సరిహద్దు కథ సగం ఉంది.

మాస్టారు మమ్మల్ని సూర్యోదయానికి ముందే మధుకేశ్వరాలయం దగ్గరికి చేర్చారు. అయినా వెంటనే కెమెరాలు తీయనివ్వలేదు. ముందు ఒక ప్రదక్షిణ చేసి రమ్మని, ఎండ ఏ గోడ మీదికి ఏ క్రమంలో వస్తుందో గమనించమని చెప్పారు. అలా తిరిగి వచ్చేసరికి లేత ఎండ గోడను పక్క నుంచి తాకడం మొదలైంది. అప్పటిదాకా చదునుగా కనిపించిన ద్వారబంధపు లతల అల్లిక ఒక్కసారిగా లోతు తెచ్చుకుంది. తీగ మెలిక తిరిగిన ప్రతి చోటా చిన్న నీడ, ఆ మెలికల మధ్య ఒదిగిన బొమ్మలు, అరిగిపోయిన ముక్కులూ వేళ్లూ కూడా స్పష్టంగా బయటపడ్డాయి. ఎండ కాస్త పైకెక్కగానే ఆ నీడలు మాయమై, రాయి మళ్లీ చదునైపోయింది. ఏటవాలు వెలుగు గురించి పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, ఒకే రాతి మీద అది వచ్చి పోవడాన్ని నిలబడి చూస్తే కలిగే అవగాహన వేరు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు విడిగా అనుమతి అవసరం కనుక, చేతితోనే కెమెరాను కదలకుండా పట్టుకుని, లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్‌ను) ఎఫ్ 8 దగ్గర ఉంచి ఎలా తీయాలో, కెమెరా వెలుగును గ్రహించే స్థాయి అయిన ఐఎస్ఓను ఎంతవరకు పెంచవచ్చో ఆయన ఒక్కొక్కరి పక్కన నిలబడి చూపించారు. గర్భగుడిలో కెమెరా తీయకూడదన్న విషయాన్ని ఆలయంవారు చెప్పవలసిన అవసరం రాకుండా ముందే చెప్పి ఉంచారు.

సాయంత్రం సోమేశ్వరాలయానికి కేటాయించారు. ముందు మండపం లేకుండా, గర్భగుడి మీద నిటారుగా లేచిన ఒకే శిఖరంతో ఉండే ఈ చిన్న గుడి ఫొటోలు తీసేవారికి మధుకేశ్వరం కన్నా కఠినమైన పరీక్ష. శిఖరం మొత్తం ఫ్రేములోకి రావాలని లెన్స్ పైకెత్తితే గీతలు లోపలికి వాలిపోతాయి. వెనక్కి జరిగితే కరెంటు తీగలూ ఇళ్ల కప్పులూ అడ్డు వస్తాయి. తీగలను తప్పించడం కోసం గుడిని ఊరి నుంచి విడదీసి చూపవద్దని, మేకలూ సైకిళ్లూ బడి నుంచి వచ్చే పిల్లలూ కూడా ఆ గుడి చరిత్రలో భాగమేనని మాస్టారు చెప్పిన మాట నాకు ఎంతో నచ్చింది. నేను తీసిన వాటిలో నాకు నిలిచిపోయిన ఫొటో కూడా అటువంటిదే. శిఖరపు నీడ పడిన అరుగు మీద ఇద్దరు పెద్దలు వడ్లు ఆరబోస్తున్నారు.

పర్లాకిమిడి దగ్గరికి వచ్చేసరికి ఇదే శ్రద్ధ కనిపించలేదు. బయల్దేరడంలో ఆలస్యమై నడి మధ్యాహ్నం చేరుకున్నాం. బ్రిటిష్ వాస్తుశిల్పి రాబర్ట్ చిషోం రూపకల్పన చేసిన గజపతి రాజభవనం మీద ఎండ తీవ్రంగా పడుతున్నప్పుడు, గోడల తెలుపు కాలిపోయి తోరణాల కింద చీకటి తప్ప మరేమీ రాదు. పైగా, గంటన్నరలో అంతా ముగించి కదలమన్నారు. వెలుగు గురించి అంతగా బోధించిన యాత్ర, సరిహద్దు చరిత్రకు గుండెకాయ వంటి పట్టణాన్ని దారిలో భోజనపు మజిలీగా మార్చడం నాకు బాధ కలిగించింది.

ఎందుకంటే ఈ పట్టణంలో చూపవలసినది చాలా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. ఇక్కడి రాజావారి పాఠశాలలో పనిచేసి, ఈ కొండల్లోని గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తిగారు ఆ విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించి, చివరికి తన ఇంటిని విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ నిర్ణయం జరిగి ఎనిమిది దశాబ్దాలు దాటినా బజారులో తెలుగు, ఒడియా ఒకే బేరంలో కలిసి వినిపిస్తాయి. ఒక దుకాణం బోర్డు మీద రెండు లిపులూ పక్కపక్కనే ఉంటాయి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల చిన్న రైలు, తర్వాత గుణుపురం దాకా సాగి, మన కాలంలో బ్రాడ్ గేజ్‌గా మారింది. ఆ రైలు గురించి మాకు ఇచ్చిన సమాచార పత్రంలో ఒక్క మాట లేదు. ఈ పట్టణం పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే కొమ్ము బొమ్మల కళాకారుల ఇళ్లకూ తీసుకువెళ్లలేదు. రాత్రి ఇక్కడే బస చేయించి, సాయంత్రపు బజారునూ, ఉదయపు రాజభవనాన్నీ చూపించి ఉంటే యాత్ర విలువ రెట్టింపయ్యేది. ఈ సంగతి నిర్వాహకులకు చెప్పినప్పుడు వారు శ్రద్ధగా విన్నారు గాని, మార్పు చేస్తామని మాట ఇవ్వలేదు.

ఆ వెలితిని సీతంపేట కొండలు చాలావరకు తీర్చాయి. వారపు సంతలో మొదటి గంట కెమెరా సంచుల్లోనే ఉండాలన్నది ఇక్కడి నియమం. కొండచీపుర్లు, పసుపు, చింతపండు, అనాస పండ్లు తెచ్చి అమ్ముకునే సవర, జాతాపు కుటుంబాల దగ్గర ముందు ఏదైనా కొనాలి, మాట్లాడాలి, ఆ తర్వాతే అడగాలి. వద్దంటే మరొకసారి అడగకూడదు. డబ్బిచ్చి నిలబెట్టి తీయకూడదు. పిల్లలను తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే తీయాలి. గిరిజన ప్రాంతాల్లో కార్లు ఆపి, కిటికీల్లోంచి ముఖాల మీద లెన్సులు గురిపెట్టే పద్ధతిని అరకు దారిలో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నవారికి ఈ నియమాల విలువ చెప్పవలసిన పని లేదు.

సంత తర్వాత ఒక సవర గూడెంలో, దుభాషిగా వచ్చిన సవర యువకుడి బంధువుల ఇంట గోడ చిత్రాన్ని చూశాం. ఎర్రమట్టి పూసిన లోపలి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా గీసిన బొమ్మలవి. బొటనవేలి గోరంత తలలు, రెండు ముక్కోణాలు కలిపినట్టుండే నడుములు, చేతులు పట్టుకుని వరుసగా ఆడుతున్న మనుషులు, గుర్రం మీద ఒకరు, గొడుగు పట్టిన ఒకరు, పైమూల సూర్యచంద్రులు, వాటి కిందనే ఒక సైకిల్. ఇది గోడకు అలంకారం కాదనీ, పితృదేవతలకూ ఇంటి దేవతలకూ కట్టిన ఇల్లు వంటిదనీ, అందుకే పూజ జరిగిన తర్వాత దాన్ని తాకకూడదనీ ఆ యువకుడు వివరించాడు. తలుపు సందులోంచి వచ్చే వెలుగు తప్ప మరో వెలుగు లేదు. ఫ్లాష్ వాడకూడదని ముందే చెప్పారు. ఐఎస్ఓ 3200 దాకా పెంచి, తలుపు దూలానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి తీయవలసి వచ్చింది. మా హడావిడి చూసిన ఇంటి పెద్దమ్మ, "ముందు కూకోండి బాబూ, బొమ్మ ఎక్కడికీ పోదు, తరవాత తీద్దురు గాని" అని తెలుగులోనే చెప్పి, అరుగు మీద చాప పరిచింది. ఆమెను ఫొటో తీయడానికి ఎవరం అడగలేదు. చివరికి ఆమే మనుమరాలితో కలిసి గుమ్మంలో నిలబడి పిలిచింది.

మరో విషయం మా దుభాషి ద్వారానే తెలిసింది. పర్లాకిమిడి అటు వెళ్లిన 1936లోనే మంగై గొమాంగో సవర భాషకు సొర సోంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. గీత ఎక్కడ గీసినా తమవారు దానికి రెండు వైపులా ఉన్నారని, పెళ్లిళ్లు అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయని అతను చెప్పాడు. శ్రీముఖలింగ స్థలపురాణంలో ఇప్పచెట్టును నరికినప్పుడు అందులోంచి శివుడు ప్రత్యక్షమైనది కూడా సవరలకేనన్న సంగతి అక్కడ అతని నోట వింటే, గుడినీ గూడేన్నీ ఒకే యాత్రలో చేర్చడంలోని ఔచిత్యం బోధపడింది. నిర్వాహకులు ఈ క్రమాన్ని ఆలోచించే పెట్టారని నమ్ముతున్నాను. సాలూరు ఎగువన రెండు రాష్ట్రాలూ తమవంటున్న 21 కొటియా గ్రామాలకు ఎందుకు వెళ్లరని బృందంలో ఒకరు అడిగితే, వివాదం న్యాయస్థానంలో ఉన్న చోట బయటివారి కెమెరాలు ఆ ఊళ్లవారికి కొత్త చిక్కులు తేకూడదని మాస్టారు జవాబిచ్చారు. ఆ సంయమనాన్ని గౌరవిస్తున్నాను.

బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి వీణల పని చివరి మజిలీ. ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసే తీరును, మెట్ల కింద నల్లని మైనం అద్ది స్వరం సరిచూసే తీరును దగ్గర నుంచి తీయనిచ్చారు. పొట్టు రేగుతున్న గదిలో లెన్స్ మార్చవద్దని ముందే హెచ్చరించడం మంచిదైంది. ఇక్కడ సమయం చాలినంతే ఉంది.

ప్రతి రాత్రీ భోజనానంతరం ఒక్కొక్కరూ ఆ రోజు తీసిన వాటిలోంచి ఐదు ఫొటోలే చూపాలన్న నియమం ఉంది. వాటిని ల్యాప్‌టాప్ మీద వేసి, ఎవరినీ నొప్పించకుండా, అయితే మొహమాటపడకుండా మాస్టారు విశ్లేషిస్తారు. రంగులు అతిగా పెంచడాన్ని ఆయన ఒప్పుకోరు. ఎర్రమట్టి ఎర్రమట్టిలాగే కనిపించాలంటారు. వందల ఫొటోల్లోంచి ఐదింటిని ఏరడంలోనే అసలు చదువు ఉందని ఆ కూర్చునే వేళల్లో అర్థమైంది. మొదటిసారి కెమెరా పట్టినవారికి మాత్రం ఈ చర్చ కొంత వేగంగా సాగుతుంది. షట్టర్, అపర్చర్, ఐఎస్ఓల సంబంధం ముందే తెలిసి ఉంటే మేలు.

వెళ్లదలచినవారు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య విడతను ఎంచుకుంటే కొండల్లో ఉదయపు మంచు, ఉదయం, సాయంత్రం మెత్తని ఎండ దొరుకుతాయి. 16–35 ఎంఎం వంటి, వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్స్, చీకటి గదుల కోసం 50 ఎంఎం ఎఫ్ 1.8 ఉంటే చాలు, బరువైన జూమ్ లెన్సులు నాకు ఎక్కడా అవసరం కనిపించలేదు. డబ్బు కట్టే ముందు పర్లాకిమిడిలో రాత్రి బస ఉందో లేదో అడగండి. లేకపోతే చేర్చమని పట్టుబట్టండి. గూడెంలోనూ సంతలోనూ తీసిన ఫొటోల ప్రింట్లను తదుపరి విడతలో ఆయా కుటుంబాలకు అందిస్తామని నిర్వాహకులు చెబుతారు. మా బృందం తీసిన ఫొటోల ప్రింట్లను సీతంపేటలోని దుభాషి చేతికి చేర్చినట్టు, గూడెంలో పంచినట్టు నాకు ఫోన్‌లో చెప్పారు. మీ ఫైళ్లను కూడా బయల్దేరే ముందే వారికి ఇచ్చి రండి.