‘ప్రోగ్రామబుల్ లైట్లు’ అని రాసి ఉన్న స్టోరేజ్ బాక్స్ కొంటున్నారా? కాస్త ఆగండి

నాలుగు డిస్కులు పట్టే చిన్న స్టోరేజ్ బాక్స్ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తిరకాసు ఏ పెట్టెలోనైనా ఉండొచ్చు. ప్రకటనలో రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి: “ముందువైపు ఎల్ఈడీలన్నీ ప్రోగ్రామబుల్”, “లినక్స్ సపోర్ట్ ఉంది”. విడివిడిగా చూస్తే రెండూ నిజమే. కలిపి చదువుకున్నవాళ్లకే మోసం. లైట్లను మార్చుకోవచ్చు, కానీ కంపెనీ ఇచ్చిన యాప్‌తోనే. లినక్స్ వేసుకోవచ్చు, కానీ దానికి ఆ లైట్లు కనిపించవు.

ఈ పెట్టెకు స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు, ఓ మూలన పడి ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో చెప్పేది ముందున్న లైట్లే. డిస్క్ పాడైతే ఎర్రగా వెలగాలి, నెట్‌వర్క్ కేబుల్ ఊడితే తెలియాలి, బ్యాకప్ నడుస్తున్నంతసేపూ ఒక లైటు మిణుకుమంటూ ఉండాలి. నాకు కావలసింది ఇంతే.

నిజానికి లినక్స్‌లో ఇది చాలా తేలిక. కెర్నల్‌కు (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ ముఖ్యభాగానికి) తెలిసిన ప్రతి ఎల్ఈడీకీ /సిస్/క్లాస్/లెడ్స్ కింద ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో బ్రైట్‌నెస్ అనే ఫైల్ ఒకటి, ట్రిగ్గర్ అనే ఫైల్ ఒకటి. ట్రిగ్గర్ ఫైల్ తెరిస్తే ఆ లైటును దేనికి ముడిపెట్టొచ్చో వరసగా కనిపిస్తుంది, ఇప్పుడు అమల్లో ఉన్న దాని చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి. అందులో ‘హార్ట్‌బీట్’ అని రాస్తే లైటు గుండెలా రెండుసార్లు కొట్టుకుని కాస్త ఆగుతుంది, సిస్టమ్ మీద లోడ్ పెరిగేకొద్దీ ఆ కొట్టుకోవడం వేగం పుంజుకుంటుంది. ‘టైమర్’ అని రాస్తే ఎన్ని మిల్లీసెకన్లు వెలగాలి, ఎన్ని మిల్లీసెకన్లు ఆరాలి అని రెండు కొత్త ఫైళ్లు ప్రత్యక్షమవుతాయి. ‘నెట్‌డెవ్’ అని రాస్తే ఏ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ను గమనించాలో, కేబుల్ తగిలి ఉంటే వెలగాలో, డేటా పోతున్నప్పుడు మిణుకుమనాలో చెప్పుకోవచ్చు. రీబూట్ చేస్తే ఇవన్నీ పోతాయి కాబట్టి ఒక యూడెవ్ రూల్ (హార్డ్‌వేర్ కనిపించగానే ఏం చేయాలో చెప్పే చిన్న ఫైల్) రాసుకుంటే సరిపోతుంది. డబ్బు పెట్టి యాప్ కొనక్కర్లేదు, అకౌంట్ తెరవక్కర్లేదు.

ఇంత సులువైన పని ఈ పెట్టెలో ఎందుకు కాలేదంటే, ఆ ఫోల్డర్‌లో నాకు కనిపించినవి క్యాప్స్‌లాక్, నమ్‌లాక్, స్క్రోల్‌లాక్ మాత్రమే. అవి ఇన్‌స్టాల్ చేయడం కోసం నేను తగిలించిన యూఎస్‌బీ కీబోర్డువి! పెట్టె ముందున్న లైట్లలో ఒక్కటీ లేదు. బోర్డు మీద ఉన్న వేరే చిన్న కంట్రోలర్ చిప్ వాటిని నడుపుతోంది, దానితో ఎలా మాట్లాడాలో కంపెనీ ఎక్కడా రాయలేదు.

సపోర్ట్‌కు రాస్తే కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌కు జోడించుకునే డ్రైవర్) ఒకటి పంపారు, సోర్స్ కోడ్ లేకుండా. లోడ్ చేయబోతే ‘ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అని వచ్చింది. అది ఎప్పటిదో పాత కెర్నల్ కోసం కంపైల్ చేసింది. మళ్లీ అడిగితే పాత కెర్నల్‌కు వెళ్లమన్నారు, మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం లేదు కాబట్టి, అలాంటి వాటిని అడ్డుకునే సెక్యూర్ బూట్ కూడా ఆపేయమన్నారు. లైటు వెలిగించడానికి తాళం తీసేయాలట, సెక్యూరిటీ అప్‌డేట్లు మానుకోవాలట! డేటా దాచుకునే పెట్టెకు ఇచ్చే సలహానా ఇది? సోర్స్ ఇవ్వమన్నాక జవాబులే ఆగిపోయాయి.

ఇంతవరకే అయితే విసుక్కుని ఊరుకునేవాణ్ని. అసలు టెన్షన్ పెట్టింది వేరే. కంపెనీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఈ లైట్లు సరిగ్గా చెప్తాయా అని పరీక్షించాను. డేటా ఏదీ లేకుండా ఒక రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపిన ఏర్పాటు) తయారుచేసి, నడుస్తుండగా ఒక డిస్క్‌ను బయటికి లాగాను. దాని లైటు ఎర్రబడింది, బాగానే ఉందనుకున్నాను. తర్వాత డిస్క్‌ను లాగకుండా, దాని చోటే ఉంచి, లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఏడీఎం కమాండుతో అది పాడైనట్టు ప్రకటించాను. రెయిడ్ ఆ డిస్క్‌ను పక్కన పెట్టేసింది, ‘డీగ్రేడెడ్’ అని లాగ్‌లో పడింది. లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. అంటే ఈ పెట్టెలో పచ్చలైటుకు అర్థం డిస్క్ ఉందని మాత్రమే, బాగుందని కాదు. నిజ జీవితంలో డిస్కులు వాటంతటవి బయటికి రావు కదా, ఉన్నచోటే ఉండి చెడిపోతాయి. సరిగ్గా ఆ సమయంలోనే ఈ లైటు అబద్ధం చెప్తుంది. లైటే లేని పెట్టె దీనికన్నా మేలు, కనీసం దాన్ని ఎవరూ నమ్మరు.

ఇలాంటి పెట్టెలు ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక మాట. ఐ2సీ బస్ (బోర్డు మీది చిన్న చిప్పులు మాట్లాడుకునే దారి) మీద ఆ లైట్ల కంట్రోలర్‌ను వెతికి పట్టుకుని నేరుగా విలువలు రాయమని సలహాలు దొరుకుతాయి. అదే బస్ మీద ఫ్యాన్ కంట్రోలర్, మెమరీ వివరాలు ఉండే చిప్పులు కూడా ఉండొచ్చు. ఆ చిప్పులను వెతికే ఐ2సీడిటెక్ట్ కమాండు నడిపితే మొదట వచ్చేదే హెచ్చరిక: ఇది బస్‌ను గందరగోళపరచవచ్చు, డేటా పోవచ్చు, అంతకన్నా ఘోరమూ జరగవచ్చు అని. మీ మోడల్ మీదే, మీ బోర్డు వెర్షన్ మీదే ఎవరైనా చేసి చూపిస్తే తప్ప ఆ జోలికి పోకండి.

కొనబోయేవాళ్లు అమ్మేవాళ్లను “లైట్లు ప్రోగ్రామబులేనా?” అని అడగొద్దు. అవుననే అంటారు. మామూలు లినక్స్ వేశాక /సిస్/క్లాస్/లెడ్స్‌లో ఏమేం కనిపిస్తాయో స్క్రీన్‌షాట్ పంపమనండి. పంపలేకపోతే మీకు జవాబు దొరికినట్టే. డ్రైవర్ ఉందంటే, అది మెయిన్‌లైన్ కెర్నల్‌లో (అందరికీ వచ్చే అసలు లినక్స్ కెర్నల్‌లో) ఉందా, లేక ఎవరో జిప్ ఫైల్‌లో పంపేదా అని అడగండి. డిస్క్ లైటు గురించి విడిగా అడగండి: స్లాట్‌లో డిస్క్ ఉంటే వెలుగుతుందా, ఆపరేటింగ్ సిస్టమ్ చెబితే మారుతుందా? ‘లెడ్‌మాన్ వాడుకోండి’ అని ఎవరైనా అంటే తొందరపడకండి, డిస్క్ లైట్లను నడిపే ఆ ప్రోగ్రామ్ సర్వర్లలో ఉండే తరహా బ్యాక్‌ప్లేన్ (డిస్కులన్నీ తగిలే బోర్డు) లాంటి హార్డ్‌వేర్ ఉంటేనే పనికొస్తుంది. ఎన్‌వీఎంఈ డిస్కులు (సాటా కన్నా వేగమైన కొత్త తరహా ఎస్ఎస్‌డీలు) వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి: కెర్నల్‌లోని ‘డిస్క్-యాక్టివిటీ’ ట్రిగ్గర్ నా దగ్గర సాటా డిస్కులకే స్పందించింది, ఎన్‌వీఎంఈ మీద ఎంత కాపీ చేసినా లైటు కదల్లేదు.

ప్రకటన పేజీని కొన్నరోజే సేవ్ చేసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేశాక ఆ పేజీలో ‘ప్రోగ్రామబుల్’ పక్కన ‘మా యాప్ ద్వారా’ అన్న మాట కొత్తగా చేరింది. రిఫండ్ అడిగితే “లైట్లు వెలుగుతున్నాయి కదా, లోపం ఎక్కడుంది?” అన్నారు.

ప్రస్తుతానికి ఆ ముందు లైట్లను వదిలేశాను, ఒక యూఎస్‌బీ లైటు తగిలించుకున్నాను. బ్లింక్‌(1), లక్సాఫర్ లాంటి వాటికి కెర్నల్‌లోనే హెచ్‌ఐడీ-లెడ్ అనే డ్రైవర్ ఉంది. తగిలించగానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేరువేరు ఎల్ఈడీలుగా ఆ ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రోగ్రామ్ అనే లైన్ దగ్గర మీ స్క్రిప్ట్ పేరు రాస్తే, డిస్క్ ఫెయిలైనప్పుడు, రెయిడ్ డీగ్రేడ్ అయినప్పుడు ఆ సంఘటన పేరుతో దాన్ని పిలుస్తుంది. స్క్రిప్ట్ చేయాల్సిందల్లా ఎరుపు బ్రైట్‌నెస్ ఫైల్‌లో ఒక అంకె రాయడమే. ఎండీఏడీఎంను మానిటర్ మోడ్‌లో టెస్ట్ ఆప్షన్‌తో నడిపితే ప్రతి రెయిడ్‌కూ ‘టెస్ట్‌మెసేజ్’ అని ఒకటి పంపుతుంది. దానికి కూడా లైటు వెలిగేలా స్క్రిప్ట్‌లో రాసుకుంటే, డిస్క్ ముట్టుకోకుండానే అప్పుడప్పుడూ సరిచూసుకోవచ్చు.