కొత్త సూపర్వైజర్లకు మెంటారింగ్: క్లాసు సరే, అసలు పని షెడ్డులోనే

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో సూపర్వైజరంటే చాలాచోట్ల నిన్నటిదాకా పక్కన రెంచి పట్టుకున్నవాడే. పని బాగా వచ్చని పైకి తెస్తారు. పని చేయించడం ఎవరూ నేర్పరు. అలాంటివాళ్ళ కోసం ఊళ్ళో ఒక శిక్షణ సంస్థ నడిపే కోర్సు ఇది: రెండు రోజుల క్లాసు, ఆపైన మూడు నెలలు వారానికోసారి మెంటార్ షెడ్డుకొచ్చి వెంట ఉండటం.

క్లాసు ఫరవాలేదు, స్లయిడ్లన్నీ ఇంగ్లీషులో ఉండటమే చికాకు.

కట్టిన డబ్బుకు ఫలితం కనబడేది షెడ్డులో. 1940ల్లో అమెరికా యుద్ధకాలపు కర్మాగారాల్లో వాడిన నాలుగు మెట్ల పద్ధతే నేర్పుతారు: మనిషిని సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించి చూడటం, తర్వాత వెళ్ళి కనుక్కోవడం. దానికి ముందు పనిని కాగితం మీద మూడు గడుల్లో రాయిస్తారు. లారీ చక్రం నట్లే తీసుకోండి. మెట్టు: అన్నీ చేత్తో ఎక్కించి, రెంచితో బిగించడం. కీలకం: వరసగా కాదు, ఎదురెదురుగా. ఎందుకు: వరసగా బిగిస్తే చక్రం ఓ పక్కకు ఒరిగి కూర్చుంటుంది, బండి తిరిగాక నట్లు వదులవుతాయి. పాత మేస్త్రులు తడబడేది ఈ మూడో గడి దగ్గరే. చేతికి తెలుసు, నోటికి రాదు.

"అర్థమైందా?" అంటే హెల్పరు "ఆఁ అన్నా" అనేస్తాడు. "ఏం చేస్తావో చెప్పు" అని అడిగించడం మెంటార్ పట్టించే మంచి అలవాటు. తప్పు కనబడగానే రెంచి లాక్కుని తానే బిగించేయడం కొత్త సూపర్వైజరుకు ఉండే మొదటి జబ్బు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంటారు. నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది.

లోపాలూ చిన్నవి కావు. మధ్యలో మెంటార్ మారితే పాతాయన నోట్సు కొత్తాయనకు చేరదు, మళ్ళీ మొదటికొస్తుంది. ఓవర్‌టైముకు రెట్టింపు కూలీ లెక్కను పది నిమిషాల్లో దాటేస్తారు. షెడ్డులో రోజూ తగువు దానిమీదే. అన్నిటికన్నా చేటు, మెంటార్ ఓనరుకు వారం వారం రిపోర్టివ్వడం. అది తెలిశాక కొత్త సూపర్వైజరు తన ఇబ్బంది మెంటారుకు ఎందుకు చెప్పుకుంటాడు?

చేర్పించేవాళ్ళు మూడు నెలలూ ఒకే మెంటార్ అనీ, ఓనరుకు హాజరు తప్ప మరేదీ చెప్పరనీ ముందే రాయించుకోండి. సాయంత్రం కాదు, పొద్దున షెడ్డు తెరవగానే రమ్మనండి. పనులు పంచేది అప్పుడే.