మా చర్చిలో హెచ్‌ఐవీ క్లాసులు: ఐదుకి మూడు స్టార్లు

తెనాలిలో మా చర్చివాళ్లు ఇంటర్ పిల్లలకీ తల్లిదండ్రులకీ కలిపి పెట్టిన క్లాసులకి మా అమ్మాయితో నాలుగు ఆదివారాలు వెళ్లాను. మొదటి రెండూ బైబిల్ వాక్యంతోనే గడిచాయి. పవిత్రంగా ఉండమన్నారు, సరే. కండోమ్ మాటే ఎత్తలేదు. మూడోవారం ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహాలిచ్చే కేంద్రం) కౌన్సిలరమ్మ వచ్చాక గానీ క్లాసుకి ప్రాణం రాలేదు. దోమకాటుతో రాదని, ఒకే కంచంలో తిన్నా అంటదని, పరీక్ష ఉచితమని, ఫలితం బయటికి చెప్పరని, సందేహముంటే 1097కి ఫోన్ చేయొచ్చని చెప్పింది. మందులు మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనపడనంత తగ్గితే లైంగికంగా ఇంకొకరికి సోకదనగానే పాస్టర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పేరు రాయకుండా ప్రశ్నలేసే చీటీల డబ్బా మంచి ఆలోచనే. కానీ అవి విప్పి చదివేది సండేస్కూల్ టీచరు! చేతిరాత పట్టేస్తుందని మా అమ్మాయి ఖాళీ చీటీ వేసింది. అసలు ప్రశ్న ఇంటికొస్తూ ఆటోలో నన్నడిగింది, గుసగుసగా.