యువతతో పని చేయాలంటే ఏది మేలు: రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూనా, ఇగ్నోనా, శ్రీపెరంబుదూరా?

పీజీ ఎంట్రన్స్ నోటిఫికేషన్లు పడే రోజులొస్తే చాలు, నాకు ఒకటే రకం మెసేజ్‌లు. "అక్కా, డిగ్రీ అయిపోయింది. ఎన్ఎస్ఎస్‌లో బాగా తిరిగాను. కుర్రాళ్ళతో, అమ్మాయిలతో పని చేయడమే ఉద్యోగంగా పెట్టుకోవాలనుంది. ఎంఎస్‌డబ్ల్యూ రెగ్యులర్‌గా చేయనా, ఇగ్నోలో కట్టనా, శ్రీపెరంబుదూర్ వెళ్ళనా?" ఎంఎస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో రెండేళ్ళ పీజీ, ఇగ్నో అంటే దూరవిద్య విశ్వవిద్యాలయం, శ్రీపెరంబుదూర్ అంటే తమిళనాడులో జాతీయ యువజన సంస్థ ఉన్న ఊరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మా సంస్థకు ఏటా ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులు ఫీల్డ్ వర్క్‌కు వస్తారు, ఆ పని గురించి వాళ్ళు రాసే రికార్డులు చదవడం నా పనిలో భాగం. నా అభిప్రాయాలు చాలావరకు ఆ రికార్డులు చదివి ఏర్పడ్డవే.

ముందు ఒక సంగతి. ఇంగ్లండ్‌లో యూత్ వర్కర్‌ది గుర్తింపు ఉన్న వృత్తి. 2010 నుంచి అక్కడ ప్రొఫెషనల్ అర్హత కావాలంటే నేషనల్ యూత్ ఏజెన్సీ ఆమోదించిన ఆనర్స్ డిగ్రీ గానీ పీజీ గానీ చేయాలి. వేల్స్‌లో అయితే రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. మన దగ్గర యూత్ వర్కర్‌కు అలాంటి కౌన్సిల్ లేదు, లైసెన్సూ లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగం పోస్టులకైనా, ఆసుపత్రిలో కౌన్సెలర్ పోస్టుకైనా, స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌గా అయినా నోటిఫికేషన్‌లో సాధారణంగా "సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ" అని పక్కపక్కన రాసి వదిలేస్తారు. సర్టిఫికెట్ మిమ్మల్ని ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్ళాక అడిగేది మాత్రం "ఫీల్డ్‌లో ఏం చేశారు?" అనే.

అందుకే నా దృష్టిలో తేల్చాల్సింది ఏ కోర్సు అన్నది కాదు. ఆ రెండేళ్ళూ మీ ఫీల్డ్ వర్క్‌ను ఎవరు చూస్తారు, ఎంత శ్రద్ధగా చూస్తారు అన్నది.

రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూ సంగతి మీకు తెలిసిందే. ఏపీలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ రాసి చేరతారు. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ కాలేజీ, ఇలా చాలా చోట్ల ఉంది. వారంలో రెండు రోజులు ఫీల్డ్, మధ్యలో రూరల్ క్యాంప్, చివర్లో బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే వరసగా కొన్ని వారాలు ఒకే సంస్థలో పని. వీటన్నిటికీ ప్రాణం ఐసీ, అంటే మీరు రాసుకొచ్చిన రికార్డు ముందు పెట్టుకుని ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ మీతో ఒంటరిగా కూర్చుని మాట్లాడే ఆ కాసేపు.

ఐసీ సరిగ్గా జరిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఫస్టియర్ అమ్మాయి ఒకామె మా బస్తీలో చదువు మానేసిన అబ్బాయిలతో మీటింగ్ పెట్టింది. రికార్డులో ఇలా రాసింది: "మత్తు పదార్థాల వల్ల కలిగే నష్టాలు వివరించాను. అందరూ చక్కగా సహకరించారు." రికార్డుల్లో నేను ఎక్కువగా చూసే వాక్యం ఇదే. కానీ గోడ వారగా కూర్చున్న ఇద్దరు అబ్బాయిలు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు, నేను అక్కడే ఉన్నాను. వాళ్ళ సూపర్‌వైజర్ ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు ప్రశ్నలు రాశారు: "ఎవరు వెళ్ళిపోయారు? ఏ మాట దగ్గర లేచారు?" ఆ అమ్మాయి ఆలోచించి, "అమ్మానాన్నల పరువు తీయకండి అన్నప్పుడు" అని చెప్పింది. లేచి వెళ్ళినవాళ్ళలో ఒకడి నాన్న రోజూ తాగి రోడ్డు మీద పడి ఉంటాడని బస్తీ మొత్తానికీ తెలుసు, ఆమెకే తెలియదు. తర్వాతి వారం ఆమె ఉపన్యాసం మానేసి క్యారమ్స్ బోర్డు దగ్గర కూర్చుంది. పావులు పేర్చుకుంటూ ఆ అబ్బాయే మాట కలిపాడు. గ్రూప్ వర్క్ పేపర్లో ఎన్ని మార్కులొచ్చినా ఈ పాఠం రాదు. ఆ రెండు ప్రశ్నలు అడిగే మనిషి ఉంటేనే వస్తుంది.

ఇంకో విషయం దీనికంటే బరువైనది. 2014 జాతీయ యువజన విధానం ప్రకారం యువత అంటే 15 నుంచి 29 ఏళ్ళవాళ్ళు. అంటే మీ గ్రూపులో ఒకే వరుసలో కూర్చున్నవాళ్ళలో కొందరు చట్టం దృష్టిలో పిల్లలు, కొందరు పెద్దవాళ్ళు. పదహారేళ్ళ అమ్మాయి మీ దగ్గరకొచ్చి "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా అక్కా" అంటుంది. కొత్తవాళ్ళు ఠక్కున "ఒట్టు, చెప్పను" అంటారు. ఆమె చెప్పింది లైంగిక వేధింపు గురించైతే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత, చెప్పకపోతే శిక్ష ఉంది. చెప్తే ఆమె దృష్టిలో మీరు మాట తప్పినవాళ్ళు. అసలు ఆ మాట ఇవ్వకుండా ఆమె నమ్మకం ఎలా నిలబెట్టుకోవాలి, "నీకు ప్రమాదం ఉందనిపిస్తే నేను ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తుంది, నీకు చెప్పకుండా మాత్రం చేయను" అన్న మాట ఏ గొంతుతో అనాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడు ఫోన్ చేయాలి? ఇవి పక్కన అనుభవమున్న మనిషి కూర్చుని నేర్పాల్సినవి. ఒంటరిగా, పొరపాట్లు చేస్తూ నేర్చుకుంటే ఆ పొరపాట్ల ఖరీదు కట్టేది ఆ అమ్మాయి.

ఇగ్నోను చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు, అది అన్యాయం. గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్ళీ స్పష్టం చేసింది కూడా, కాబట్టి "చెల్లుతుందా" అన్న టెన్షన్ వదిలేయండి. పాఠ్యపుస్తకాలు శ్రద్ధగా రాసినవి, మా ఆఫీసు అల్మరాలో ఇప్పటికీ ఉన్నాయి. ఫీల్డ్ వర్క్ అక్కడా తప్పనిసరే, జర్నల్ రాయాలి, సూపర్‌వైజర్ సంతకం ఉండాలి. చిక్కంతా ఆ సంతకం దగ్గరే. ఉద్యోగం చేసుకుంటూ చదివే మనిషి ఆదివారం కూర్చుని జర్నల్ నింపితే, సూపర్‌వైజర్ కలిసిన ఐదు నిమిషాల్లో పేజీలన్నీ తిప్పి సంతకం పెడితే, డిగ్రీ వస్తుంది గానీ పని రాదు. అదే ఇప్పటికే ఏదో సంస్థలో యువతతో పని చేస్తున్నవాళ్ళయితే పరిస్థితి వేరు. వాళ్ళకు ఫీల్డ్ చేతిలోనే ఉంది, పదేళ్ళు చేసిన పనికి పుస్తకం ఒక పేరు, ఒక క్రమం ఇస్తుంది. అలాంటివాళ్ళు ఉద్యోగం మానేసి రెగ్యులర్‌లో చేరడం నాకు సమ్మతం కాదు.

ఇక శ్రీపెరంబుదూర్. అక్కడున్న రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ 1993లో మొదలైంది, 2012 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. యువజన, సామాజికాభివృద్ధి ప్రధానాంశంగా అక్కడ సోషల్ వర్క్ పీజీ ఉంది. పేరులోనే యువత ఉన్న చదువు కావాలంటే దేశంలో ముందు చూడాల్సిన చోటు అదే. రకరకాల రాష్ట్రాల వాళ్ళతో కలిసి చదువుతారు, విధానాల మీద పట్టు వస్తుంది. చుట్టూ కార్ల ఫ్యాక్టరీలు, వాటిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యువ కార్మికులు. వలస వచ్చిన యువత మీద పని చేయాలనుకునేవాళ్ళకు ఇంతకంటే దగ్గర్లో ఫీల్డ్ దొరకదు.

నాకున్న సందేహం భాష గురించి. క్యాంపస్ దాటితే తమిళం. పదహారేళ్ళ పిల్లాడు సగం మాట మింగేసి మిగతా సగం చెప్తాడు. ఆ మింగేసిన సగం పట్టుకోవడమే మన పనంతా. రాని భాషలో అది కుదరదు. చదువు పూర్తయ్యాక మీరు పాడేరులోనో జడ్చర్లలోనో పని చేయబోతుంటే, ఫీల్డ్ వర్క్ కూడా తెలుగులో జరగడం మంచిదని నా నమ్మకం. పరిశోధన, పాలసీ, జాతీయ స్థాయి సంస్థలు మీ లక్ష్యమైతే మాత్రం ఈ అభ్యంతరం అంత లెక్కలోది కాదు, నిశ్చింతగా వెళ్ళండి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్ళలో 240 గంటలు, ఒక ఏడు రోజుల క్యాంపు చేసినవాళ్ళకు మంచి పునాది ఉంటుంది, కానీ అది అర్హత కాదు. సైకాలజీ పీజీ ఒక్కొక్కరితో కూర్చుని కౌన్సెలింగ్ చేయాలనుకునేవాళ్ళకు సరే, బస్తీలో గుంపును కూడగట్టే పని అందులో నేర్పరు. ఆన్‌లైన్‌లో వారం రోజుల "యూత్ లీడర్‌షిప్" సర్టిఫికెట్లకు డబ్బు పెట్టకండి.

కాబట్టి డిగ్రీ ఇప్పుడే అయిపోయి, ఇంట్లో రెండేళ్ళు చదివించగలిగితే నేను రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూనే చేయమంటాను, అదీ మీరు పని చేయబోయే ప్రాంతానికి దగ్గర్లో. అయితే రెగ్యులర్ అన్న పేరుంటే చాలదు. వారాల తరబడి ఐసీ జరగని కాలేజీలున్నాయి, ప్లేస్‌మెంట్ పేరుతో విద్యార్థిని జిరాక్స్ మిషన్ దగ్గర నిలబెట్టే సంస్థలున్నాయి. అలాంటి చోట చేరడం కంటే ఇగ్నోలో చేరి, మంచి సంస్థలో పని చేయడమే నయం.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి ఆ కాలేజీకి వెళ్ళండి. ప్రొఫెసర్ గదికి కాదు, సెకండియర్ విద్యార్థులు టీ తాగే చోటికి. పోయిన వారం ఐసీ జరిగిందా, ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది ఉన్నారు, బ్లాక్ ప్లేస్‌మెంట్ ఎక్కడ వేశారు అని అడగండి. ఎవరిదైనా రికార్డు తీసి చూపించమనండి. పేజీల్లో దిద్దిన గీతలు, ప్రశ్నలు కనిపిస్తే ఆ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టండి. అన్ని పేజీల కిందా ఒకే సంతకం, ఒకే తేదీ ఉంటే జాబితాలోంచి తీసేయండి. ఇప్పటికే ఇగ్నోలో ఫీజు కట్టేసినవాళ్ళు మీ ఊళ్ళో యువతతో పనిచేసే అనుభవజ్ఞులెవరైనా ఉంటే వెతికి పట్టుకోండి. జర్నల్ మీద సంతకం సంగతి తర్వాత, నెలకు రెండుసార్లు కూర్చుని దాన్ని చదువుతారా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.